విండోస్ మారాక లైనక్స్ ఎక్కడికి పోయింది?

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఉన్న కంప్యూటర్లలో రెండేసి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి విండోస్, రెండోది ఉబుంటు లైనక్స్. ఆన్ చేయగానే ఒక పట్టిక వస్తుంది, బాణం మీటతో ఏది కావాలో ఎంచుకుంటాం. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. డిగ్రీ తమ్ముళ్లు కొందరు "ఒక ఇంట్లో రెండు పొయ్యిలు ఎందుకన్నా?" అని అడుగుతుంటారు. అవసరం ఉండబట్టే. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ల్యాబులో సి, పైథాన్ చేసేది లైనక్స్ మీదే. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ వాళ్లం ఆర్ వాడేదీ అందులోనే. మీరిప్పుడు చదువుతున్న ఈ వార్షిక సంచిక మాత్రం పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో కూర్చింది. దానికి విండోస్ కావాలి. ఒక్క కంప్యూటర్ కొనడానికే ఇంట్లో అప్పు చేసిన వాళ్లం, రెండు పనులకు రెండు ఎక్కడ కొంటాం?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో వీలున్న వాళ్లంతా విండోస్ 11కి మారారు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. మారిన వాళ్లలో సగం మంది మర్నాడే మా గది తలుపు తట్టారు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, లైనక్స్ పోయింది. నేరుగా విండోసే వస్తోంది."

పోలేదు. ఈ మాట అన్నిటికంటే ముందు చెప్పడానికి కారణం ఉంది. ఎంఏ చదివే తమ్ముడొకడు మా దగ్గరికి రాకుండా టౌన్లో ఒక షాపుకు తీసుకెళ్లాడు. "లైనక్స్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలి" అని వాళ్లు ఆరు వందలు తీసుకుని మొత్తం తుడిచేశారు. వాడి ప్రాజెక్టు అంతా లైనక్స్ వైపే ఉంది. రెండు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన కూలీ రేట్ల లెక్కలవి. లాప్‌టాప్ షాపు గడప ఎక్కేదాకా ఆ ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి. కాగితాలు ట్రంకు పెట్టెలో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఏడాది సబ్మిషన్ లేనట్టే. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని మళ్లీ ఎక్కించాం. ఒకరు చదవడం, ఒకరు టైపు చేయడం.

అసలు జరిగేదేమిటో చూద్దాం. ఇప్పటి కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రాం ఉంటుంది. పాత బయోస్ స్థానంలో వచ్చింది ఇదే. బూట్ కావలసిన సిస్టమ్‌ల పేర్లు, వాటి వరస ఇది ఒక చిన్న మెమరీలో రాసి పెట్టుకుంటుంది. హార్డ్ డిస్కులో కూడా ఈఎఫ్ఐ పార్టిషన్ అని ఒక చిన్న భాగం ఉంటుంది, తరచుగా 100 ఎంబీయే. అందులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోల్డరు, ఉబుంటు పేరుతో మరొక ఫోల్డరు ఉంటాయి. మనకు పట్టిక చూపించే గ్రబ్ అనే ప్రోగ్రాం ఆ ఉబుంటు ఫోల్డరు నుంచే మొదలవుతుంది. విండోస్ పెద్ద అప్‌గ్రేడ్ జరిగినప్పుడు ఒక్కోసారి తన పేరును వరసలో మొదటికి తెచ్చుకుంటుంది. జరిగేది చాలావరకు ఇంతే. హాజరు పట్టీలో పేర్ల వరస మార్చినంత మాత్రాన గదుల్లోంచి మనుషులు వెళ్లిపోరు కదా.

కాబట్టి మొదట చేయాల్సింది వరస చూడడం. కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీటను వదలకుండా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. వచ్చిన జాబితాలో ఉబుంటు పేరు మీద ఎంటర్ కొడితే పాత పట్టిక మళ్లీ ప్రత్యక్షమవుతుంది. తర్వాత సెటప్‌లోకి వెళ్లి ఉబుంటును పైకి జరిపి సేవ్ చేయాలి. మా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఇక్కడితోనే బాగయ్యాయి. ఐదు నిమిషాల పని.

కానీ వరస ముట్టుకునే ముందు ఒకటి చూసుకోవాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం, మనకు తెలియకుండానే వేసి ఉంటుంది. బూట్ వరస మార్చినా, సెక్యూర్ బూట్ ఆపినా అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే విండోస్ వైపు ఫైళ్లు ఇక మనవి కావు. ఏ ఇంజినీరూ తీయలేడు. సాధారణంగా ఆ కీ మీరు లాప్‌టాప్‌లో లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా అన్నయ్యదో, అమ్మిన షాపువాడిదో అయితే ఇప్పుడే కనుక్కోండి. ఫోనులో దాచుకోవడం కంటే నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకోవడం మేలని మా అభిప్రాయం.

జాబితాలో ఉబుంటు పేరే లేకపోతే పెన్‌డ్రైవ్ కావాలి. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా "ట్రై" ఎంచుకోవాలి. డెస్క్‌టాప్ రాగానే ఫైల్స్ తెరిస్తే డిస్కులో లైనక్స్ భాగం కనిపిస్తుంది. ముందు మీ ఫోల్డర్లు బయటికి కాపీ చేసుకోండి, రిపేరు ఆ తర్వాతే. బూట్ రిపేర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, నెట్ ఉంటే పెన్‌డ్రైవ్ మీదే ఎక్కించుకుని గ్రబ్‌ను తిరిగి రాయించవచ్చు. పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ చేయాలి, పాత పద్ధతిలో చేస్తే రిపేరు తప్పుచోట పడుతుంది.

2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ సంగతి వేరు. అప్పుడు చాలా డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లైనక్స్ వైపు "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వచ్చి ఆగిపోయింది. లోపాలున్న పాత బూట్ ప్రోగ్రాములను అడ్డుకోవడానికి తెచ్చిన మార్పు అది. డ్యూయల్ బూట్ వాటికి వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పినా వర్తించింది. 2025 మే అప్‌డేట్లతో సరిచేశారు. ఎప్పుడో చేసి పెట్టుకున్న పాత ఉబుంటు పెన్‌డ్రైవ్ ఇప్పుడు బూట్ కాకపోవడానికి కూడా ఇలాంటి అడ్డే కారణం కావచ్చు. కొత్త వెర్షన్‌తో మళ్లీ చేసుకుంటే సరి.

తప్పంతా విండోస్ మీదే వేయడం న్యాయం కాదు. ఉబుంటును అప్‌గ్రేడ్ చేసినప్పుడు పట్టికలోంచి విండోస్ పేరు మాయమైన కేసులూ చూశాం. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను భద్రత కోసం మామూలుగా ఆపి ఉంచుతున్నారు. ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డరులో గ్రబ్ అనే ఫైలు తెరిచి, ఓఎస్ ప్రోబర్‌ను డిజేబుల్ చేసే వరసకు ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, విలువ ఫాల్స్ అని పెట్టాలి. ఆ వరస లేకపోతే రాయాలి. తర్వాత టెర్మినల్లో సుడో అప్‌డేట్-గ్రబ్ అని, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొడితే విండోస్ తిరిగొస్తుంది.

ఇంకో తగాదా డీ డ్రైవ్‌ది. రెండు వైపుల నుంచీ వాడుకోవచ్చని నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అక్కడే పెడతాం. అప్‌గ్రేడ్ అయ్యాక లైనక్స్ నుంచి తెరిస్తే చదవనిస్తుంది, సేవ్ చేయనివ్వదు. వైరస్ అనుకోకండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది, డిస్కును తన చేతిలోనే పట్టుకుని ఉంటుంది. మీరు ముందే ఆపి ఉంచినా అప్‌గ్రేడ్ తర్వాత మళ్లీ ఆన్ కావచ్చు. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి తీసేయాలి. అంత తీరిక లేనప్పుడు షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి లైనక్స్‌లోకి వెళ్లండి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే ఆగుతుంది. లైనక్స్ నుంచి బలవంతంగా రాయించే మార్గాలు ఉన్నాయి గానీ వాటి జోలికి పోవద్దు, ఫైళ్లు చెడిపోతాయి.

గడియారం ఐదున్నర గంటలు తప్పు చూపిస్తే బ్యాటరీ మార్చకండి. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన టైము రాస్తుంది, లైనక్స్ గ్రీనిచ్ టైము రాస్తుంది. రెండింటికీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అమెరికాలో ఉన్న మన అన్నలకు తేడా అక్కడి టైమును బట్టి ఉంటుంది. లైనక్స్‌లో టైండేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అనే ఒక్క ఆజ్ఞతో ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

ఉబుంటు 24.04 ఎక్కించిన పెన్‌డ్రైవ్ రెండు వార్డెన్ గారి బీరువాలో ఉంచాం. రిజిస్టర్లో పేరు, గది నంబరు రాసి తీసుకోవచ్చు. సెలవుల్లో ఊరికి తీసుకెళ్లే వాళ్లు మాత్రం ఒకటి వదిలి వెళ్లండి.