టిక్కు మీద టిక్కు.. తప్పెవరిది?

బటన్ నొక్కుతాం. తెర కదలదు. మళ్లీ నొక్కుతాం. తంటా అంతా అక్కడే మొదలవుతుంది. కంప్యూటర్ ముందు ఒకటికి నాలుగుసార్లు టకటకలాడే వేలి వెనక ఏం జరుగుతుంది?

రాత్రి పదకొండు దాటింది. అమ్మాయి ప్రవేశపరీక్షకు దరఖాస్తు చేయడానికి ఆ రోజే ఆఖరు. పేరు, పుట్టిన తేదీ, ఫొటో, సంతకం.. ఒక్కొక్కటీ ఎక్కించేసరికి గంట పట్టింది. ఇక ఫీజు కట్టడమే మిగిలింది. నాన్న కార్డు నంబరు చదివాడు, కూతురు కొట్టింది. ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. ఆ అంకెలు కొట్టాక మౌస్ నాన్న చేతికి మారింది. డబ్బు వ్యవహారం కదా! 'సబ్మిట్' నొక్కాడు. తెర కదల్లేదు. నాలుగు సెకన్లు చూశాడు. మళ్లీ నొక్కాడు. 'ఆగు నాన్నా..' అని అమ్మాయి అనేలోపే టకటకా ఇంకో రెండుసార్లు నొక్కేశాడు. తెర మీద ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. 'చెల్లింపు విఫలమైంది'.

మళ్లీ మొదటినుంచీ. మళ్లీ కార్డు నంబరు, మళ్లీ ఓటీపీ. ఈసారి రశీదు వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ ఫోన్ చేతిలోకి తీసుకుంటే.. బ్యాంకు నుంచి రెండు మెసేజ్‌లు! ఫీజు రెండుసార్లు పోయింది. అందులో మొదటిది, ఎర్ర అక్షరాలు కనపడకముందే వెళ్లిపోయింది.

కరెంటు బిల్లు దగ్గర్నుంచి సంక్రాంతి టికెట్ల దాకా అన్నీ తెర మీదే కానిచ్చేస్తున్న రోజులివి. ఇలాంటి రాత్రి ఒకటి చాలా ఇళ్లలో అనుభవమే. 'తొందరపడ్డావు' అని ఇంట్లోవాళ్లు నాన్ననే అంటారు. ఆయనా తన తప్పేననుకుంటాడు. నిజంగా ఆయనదేనా?

నాలుగు ఉత్తరాలు.. ఒకటే జవాబు

బటన్ నొక్కడమంటే తపాలా డబ్బాలో ఉత్తరం వేయడమే. వేశాక చేయి పెట్టి వెనక్కి తీసుకోలేం. నొక్కిన మరుక్షణం ఆ పేజీలో మనం నింపిన వివరాలన్నీ ఓ మూటగా ఎక్కడో ఉన్న సర్వర్‌కు బయల్దేరతాయి. ఇంకోసారి నొక్కితే అదే మూట ఇంకోసారి బయల్దేరుతుంది. ఆ రెండూ ఒకే మనిషి చేసిన ఒకే పని తాలూకువని సర్వర్‌కు తనంతట తానుగా తెలియదు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ విప్పి చదువుతుంది.

ఇవతల ఇంకో తిరకాసు ఉంది. రెండోసారి నొక్కగానే బ్రౌజర్ మొదటి ఉత్తరానికి జవాబు కోసం చూడటం మానేస్తుంది. రెండోదాని జవాబు కోసం గుమ్మంలో నిలబడుతుంది. అవతల బ్యాంకు మొదటి ఉత్తరం అందుకుని, ఓటీపీ సరిచూసి, డబ్బు తీసుకుని, 'పని అయింది' అని జవాబు పంపుతుంది. దాన్ని అందుకునేవాళ్లే ఉండరు! ఇక రెండో ఉత్తరంలోనూ అదే ఓటీపీ. అప్పటికే వాడేసింది కాబట్టి చెల్లదు. ఆ 'చెల్లదు' అన్న జవాబే తెర మీద పడుతుంది. పోయిన డబ్బు మాట తెర చెప్పదు. విఫలమైందని నమ్మినవాళ్లు మళ్లీ కడతారు. కట్టక ఏం చేస్తారు, ఆఖరి రోజు కదా.

ఓటీపీ అడ్డు లేనిచోట ఆ మాత్రం తనిఖీ కూడా ఉండదు. ఒకే ఫిర్యాదుకు రెండు నంబర్లు వస్తాయి. సరుకు అందాక డబ్బిస్తామన్న ఆర్డర్‌కు రెండు పార్సిళ్లు గుమ్మంలోకొస్తాయి. 'నచ్చింది' అన్న బొమ్మ మీద తాతయ్య రెండుసార్లు నొక్కుతాడు. మొదటి నొక్కుకు నచ్చుతుంది, రెండో నొక్కుకు ఆ నచ్చడం కాస్తా రద్దయిపోతుంది. మనవరాలి ఫొటోకి లైక్ కొట్టానని ఆయనా, కొట్టలేదని మనవరాలూ!

రెండుసార్లు నేర్పిందెవరు?

పెద్దవాళ్లు ప్రతి బటన్‌నీ రెండుసార్లు నొక్కుతారని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వాల్సిందేమీ లేదు. వాళ్లకు కంప్యూటర్ నేర్పినప్పుడు చెప్పిన తొలి పాఠాల్లో అదొకటి.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను నలుగురికీ చూపించింది 1968 డిసెంబరులో. 1983లో యాపిల్ సంస్థ 'లీసా' కంప్యూటర్‌తో ఇచ్చిన మౌస్‌కు ఒకటే బటన్. దాంతోనే రెండు పనులు కావాలి. ఫైలును ఎంచుకోవడం ఒకటి, తెరవడం ఒకటి. ఎంచుకోవడానికి ఒకసారి, తెరవడానికి వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలన్న పద్ధతి అలా ఇళ్లూ ఆఫీసుల దాకా వచ్చింది. మరుసటేడు మెకింతోష్ వచ్చింది. తర్వాత విండోస్ దాన్ని ప్రపంచమంతా పంచిపెట్టింది. మన దగ్గర వీధికో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసిన రోజుల్లో మాస్టారు చెప్పిందీ అదే.. 'మై కంప్యూటర్ మీద డబుల్ క్లిక్ చెయ్యి!'

ఈలోగా 1991లో వెబ్ జనంలోకి వచ్చింది. అక్కడ లింకుకైనా బటన్‌కైనా ఒక్క నొక్కే. అంటే ఒకే తెర మీద రెండు చట్టాలన్నమాట. డెస్క్‌టాప్ మీది బొమ్మకు రెండు, పేజీలోని బటన్‌కు ఒకటి. ఎక్కడ ఏది వర్తిస్తుందో ఎవరూ రాసిపెట్టలేదు.

పోనీ, మొదటి నొక్కు పడగానే పేజీ కాసేపు ఆగి, రెండోది వస్తుందేమో చూడొచ్చుగా? చూడొచ్చు. విండోస్‌లో మామూలుగా అర సెకనులోపు పడిన రెండు నొక్కుల్ని జంటగా లెక్కిస్తారు. కానీ ప్రతి బటనూ అంతసేపు ఆగితే పేజీ మొద్దుగా అనిపిస్తుంది. టచ్ ఫోన్లలో ఈ ముచ్చటా తీరింది. రెండుసార్లు తడితే పేజీ పెద్దదవ్వాలి కాబట్టి, తొలినాళ్ల ఫోన్ బ్రౌజర్లు ప్రతి తాకిడికీ దాదాపు 300 మిల్లీసెకన్లు ఆగేవి. సెకనులో మూడో వంతు కూడా లేని ఆ ఆలస్యాన్నే జనం భరించలేకపోయారు. ఫోన్ కోసమని తయారైన పేజీల్లో ఆ ఆగడాన్ని తర్వాత తీసేశారు.

మౌసూ అబద్ధమాడుతుంది!

ఒక్కోసారి మనిషి ఒక్కసారే నొక్కుతాడు. కానీ రెండు పడతాయి. మౌస్ బటన్ కింద ఓ చిన్న లోహపు రేకు ఉంటుంది. నొక్కగానే అది ఇంకో లోహానికి తగిలి కరెంటు పారుతుంది. అయితే నేలకేసి కొట్టిన బంతిలా, ఆ రేకు తగిలి, కొద్దిగా ఎగిరి, మళ్లీ తగులుతుంది. కొన్ని మిల్లీసెకన్ల సంబరమే ఇదంతా. ఆ గెంతుల్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేసే ఏర్పాటు మౌస్‌లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి వాడి రేకు అరిగిపోతే గెంతులు ఎక్కువసేపు సాగుతాయి. అప్పుడు ఒక నొక్కు రెండవుతుంది. ఒక్కసారి నొక్కినా ఫోల్డర్ తెరుచుకుంటుంటే, లాక్కెళ్తున్న ఫైలు దారిలో జారిపోతుంటే మౌస్ మార్చే వేళయిందని అర్థం. పాతిక రూపాయలు మిగిలాయని దానితోనే ఫీజులు కట్టకపోవడం మంచిది.

వయసు మీదపడి చేతులు వణికేవారి సంగతి వేరే. వాళ్లు ఒకసారే నొక్కాలనుకున్నా వేలు వినదు. అందుకే 'మళ్లీ నొక్కొద్దు' అన్న హెచ్చరిక రాసేసి చేతులు దులుపుకొనే పేజీలను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఎన్ని సెకన్ల ఓపిక?

వెబ్ పేజీల వాడుక తీరును దశాబ్దాలుగా గమనిస్తున్న జేకబ్ నీల్సన్ 1993లో తన పుస్తకంలో మూడు కొలతలిచ్చాడు. సెకనులో పదోవంతులో స్పందన వస్తే వెంటనే జరిగినట్టే. ఒక సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే ధ్యాస మళ్లిపోతుంది. ఆ లెక్కన చూస్తే నాలుగు సెకన్లు నిశ్శబ్దంగా ఉన్న తెర ముందు నాన్న మళ్లీ నొక్కడం తొందరపాటు కాదు, మానవ స్వభావం. తలుపు తట్టాక లోపల్నుంచి 'వస్తున్నా' అన్న మాట వినపడకపోతే ఎవరైనా మళ్లీ తడతారు.

టెన్త్, ఇంటర్ ఫలితాల రోజు ఈ తట్టడం ఊరంతా కలిసి చేస్తుంది. సర్వర్ నెమ్మదిస్తుంది, జనం మళ్లీ మళ్లీ నొక్కుతారు. లక్షమంది తలా నాలుగుసార్లు నొక్కితే నాలుగు లక్షల ఉత్తరాలు. ఏ మందకొడితనం చూసి నొక్కారో అది నొక్కినకొద్దీ పెరుగుతుంది. తత్కాల్ టికెట్లకు పొద్దున పది గంటలకు మౌస్ విరిగేలా నొక్కేవాళ్లూ ఇది గుర్తుంచుకోవచ్చు. ఎన్నిసార్లు నొక్కితే వరుసలో అంత ముందుకు అన్న లెక్కేమీ అక్కడ లేదు.

బోర్డు కాదు.. గేటు!

'వెనక్కి వెళ్లకండి, రిఫ్రెష్ చేయకండి, మళ్లీ నొక్కకండి'.. చెల్లింపు పేజీల్లో ఈ బోర్డు చూసే ఉంటారు. రైలు పట్టాల దగ్గర గేటు పెట్టాల్సిందిపోయి 'రైలు వస్తుంది జాగ్రత్త' అని రాసినట్టుంటుందది. గేటు వేయడం ఎలాగో ప్రోగ్రామర్లకు తెలియక కాదు.

మొదటి గేటు తెర మీదే ఉంటుంది. ఒకసారి నొక్కగానే బటన్ బూడిదరంగులోకి మారిపోవాలి, మళ్లీ నొక్కినా పలక్కూడదు. దాని మీద 'జరుగుతోంది' అన్న మాటో, తిరిగే చక్రమో కనపడాలి. తలుపు లోపల్నుంచి 'వస్తున్నా' అనడం ఇదే. సగం సమస్య దీంతో తీరిపోతుంది. సగమే ఎందుకంటే.. మధ్యలో నెట్ పోతే ఆ బటన్ బూడిదరంగులోనే బిగుసుకుపోతుంది. తిరిగి తెరిచే ఏర్పాటు లేకపోతే మనిషి పేజీనే రిఫ్రెష్ చేస్తాడు. ఉత్తరం మళ్లీ వెళ్తుంది. అందుకే పని పూర్తవగానే బ్రౌజర్‌ను వేరే రశీదు పేజీకి మళ్లించడం అలవాటు చేశారు. అప్పుడు ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా రశీదే మళ్లీ కనపడుతుంది.

అసలు గేటు ఉండాల్సింది సర్వర్ దగ్గర. సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. ఫారం తెరిచినప్పుడే దానికో నంబరు ఇస్తారు. నొక్కినప్పుడు ఆ నంబరూ వెళ్తుంది. సర్వర్ దాన్ని ఖాతా పుస్తకంలో రాసుకుంటుంది. అదే నంబరుతో రెండో ఉత్తరం వస్తే పని మళ్లీ చేయదు. మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ చేతిలో పెడుతుంది. ఇందులోనూ ఓ మెలిక ఉంది. రెండు ఉత్తరాలూ దాదాపు ఒకే క్షణంలో చేరితే? ఒకే పుస్తకాన్ని ఇద్దరు గుమాస్తాలు చూస్తారు, ఇద్దరికీ ఆ నంబరు కనపడదు, ఇద్దరూ డబ్బు తీసుకుంటారు. అందుకని ఒక నంబరును రెండోసారి రాయబోతే పుస్తకమే ఒప్పుకోకుండా కట్టడి పెట్టాలి. ముందు నంబరు రాయాలి, తర్వాతే డబ్బు ముట్టుకోవాలి. స్ట్రైప్ అనే అమెరికా చెల్లింపుల సంస్థ తన సేవలు వాడుకునే వ్యాపారులకు ఇలాంటి నంబరు పంపే వీలు కల్పించింది.

ఎన్నిసార్లు చేసినా ఒకసారి చేసినట్టే ఉండే ఈ గుణానికి 'ఐడెంపొటెన్స్' అని నోరు తిరగని పేరుంది. ఆ మాటకు మూలం 1870లో అమెరికా గణితవేత్త బెంజమిన్ పియర్స్ వాడిన 'ఐడెంపొటెంట్' అన్న పదం. లిఫ్ట్ కోసం బటన్ పదిసార్లు నొక్కినా పది లిఫ్టులు రావు కదా, అదే ఇది. వెబ్‌కు ఆధారమైన హెచ్‌టీటీపీ నియమావళిలో 1997 నాటికే ఈ ప్రస్తావన ఉంది. పేజీ చూపించమని అడగడం ఎన్నిసార్లు చేసినా ఫరవాలేదని, ఫారం పంపే 'పోస్ట్' పద్ధతికి ఆ భరోసా లేదని అందులోనే తేల్చారు.

అలాగని ప్రతి బటన్‌కూ గేటు వేస్తే ఇంకో చిక్కు. పాల ప్యాకెట్లు నాలుగు కావాలని ప్లస్ గుర్తు మీద నాలుగుసార్లు నొక్కితే నాలుగే పడాలి. 'తొందరపాటు' అని మూడింటిని మింగేస్తే ఒకటే ప్యాకెట్ వస్తుంది. ఏ నొక్కు లెక్కలోకి రావాలి, ఏది రాకూడదు అన్నది బటన్ బటన్‌కూ విడిగా ఆలోచించాల్సిందే. అక్కడే చాలామంది బద్ధకిస్తారు.

ఆ డబ్బు వస్తుందా?

ఎర్ర అక్షరాలు కనపడగానే మళ్లీ కట్టకుండా ముందు బ్యాంకు ఖాతా చూసుకోవాలి. మెసేజ్ ఆలస్యం కావచ్చు కాబట్టి ఖాతా వివరాల్లో చూడటమే మేలు. డబ్బు పోయి ఉంటే లావాదేవీ నంబరు రాసి పెట్టుకోవాలి. కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు ఖాతాలోంచి డబ్బు పోయి, అవతలివారికి నిర్ధారణ అందకపోతే.. లావాదేవీ జరిగిన రోజు నుంచి అయిదు రోజుల్లో దాన్ని తిరిగి జమ చేయాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఆదేశించింది. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. యూపీఐతో దుకాణదారుకు కట్టినా అయిదు రోజులే గడువు. అయితే రెండు చెల్లింపులూ అవతలికి సక్రమంగా చేరిపోతే అది విఫలమైన లావాదేవీ కిందకు రాదు. అప్పుడు డబ్బు తీసుకున్నవారినే వాపసు అడగాలి.

ఆ రాత్రి నాన్న విషయంలో మొదటి చెల్లింపు నిర్ధారణ పరీక్ష వాళ్లకు చేరనేలేదు. లావాదేవీ నంబర్లు రెండూ అమ్మాయి నోట్‌బుక్ వెనక రాసిపెట్టింది. నాన్న రోజూ పొద్దున్నే ఖాతా చూసుకునేవాడు. అయిదో రోజు సాయంత్రం ఫోన్ టింగుమంది. ఈసారి ఒక్కసారే.