డయలు వెనుక దాగిన తేదీలు

హెన్రీ డ్రైఫస్ రూపకల్పనలో అమెరికాకు చెందిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1950 నుంచి విరివిగా తయారుచేసిన మోడల్ 500 ఫోను, అంటే వేలితో డయలు తిప్పే పాతకాలపు ఫోను, సేకర్తలకు తేలికగానే దొరుకుతుంది గాని, దాని అసలుదనం తేల్చడం అంత తేలిక కాదు. పైతొడుగు నిగనిగలు ఇందుకు పనికిరావు. అడుగు మరలు వదులుచేసి తొడుగు ఎత్తితే గంట మీద, డయలు వెనుక, రిసీవరు మూతలు విప్పితే లోపలి బిళ్లల మీద ‘8 53’ వంటి ముద్రలు కనిపిస్తాయి. ఆ భాగం 1953 ఆగస్టులో తయారైందని దాని అర్థం. ఈ తేదీలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ఫోను విలువ పెరుగుతుంది. అయితే, అద్దెకిచ్చిన ఫోన్లను అప్పట్లో వెనక్కి తీసుకుని, దొరికిన భాగాలతో బాగుచేసి మళ్లీ ఇళ్లకు పంపేవారు కనుక, తేదీలు కలవని ప్రతి ఫోనునూ నకిలీగా కొట్టిపారేయడం అన్యాయం. అసలు అనుమానించవలసింది ఇటీవల వేసిన రంగును, కొత్తగా పోతపోసిన ప్లాస్టిక్ తొడుగును.