పసివారి తొలి పుస్తకము

ఆషాఢమాసమున పెద్దాపురములో మరిడమ్మ జాతర జరుగును. తాత భుజమెక్కి దానిని చూచి వచ్చిన రెండేండ్ల బిడ్డ ఇల్లు చేరిన తరువాత ఊరకుండునా? బూర, గుఱ్ఱము, దీపము అని తెలిసిన నాలుగు మాటలనే మరల మరల పలుకుచు, మిగిలిన కథను చేతులతో చూపును. ఈ యీడు బిడ్డకు పుస్తకమెన్నదలచిన పెద్దలు గమనింపవలసినది ఈ వైఖరినే. బిడ్డ పుస్తకమును చదువదు. చూచును, వ్రేలు పెట్టును, పెద్దలచేత పలికించును. పసితనమునుండియే చదివి వినిపింపుడని తలిదండ్రులకు చెప్పవలసినదిగా అమెరికా శిశువైద్యుల సంఘము 2014లో వైద్యులకు సూచించినది.

కాని అంగడిలో తఱచు చేతికి వచ్చునది అక్షరముల పుస్తకము. పుటకొక ఆంగ్లాక్షరము, ప్రక్కన ఆపిల్ పండు, మంచు ఇల్లు, జీబ్రా. దానిని తెఱచినంతనే తండ్రి "ఇదేమిటి?" అని అడుగసాగును, ముచ్చట కాస్తా పరీక్షయగును. పెద్దాపురసీమవాడైన ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి సుభాషితములను తెనిగించెను. ఆ పద్యములు ఎదిగిన పిమ్మట రానిండు. ఇప్పటికి ఏనుగు చాలును. దాని తోకను కోతి లాగుచున్నచో మఱియు మంచిది.

బొమ్మతో బోధించుట క్రొత్త సంగతి కాదు. ఐరోపాలో కొమీనియస్ 1658లోనే బాలుర కొఱకు బొమ్మల పాఠ్యగ్రంథమును వెలువరించెను. తెలుగున 1945లో 'బాల', 1947లో 'చందమామ' వెలసినవి. అవి కథ వినగల పిల్లలకే గాని, కాగితము నమలు వయసువారికి గావు. ఆ వెలితిని 1996లో చెన్నైలో ఆరంభమైన తూలిక, 2004లో బెంగుళూరున వెలసిన ప్రథమ్ బుక్స్ కొంత తీర్చినవి. అవి పలు భాషలలో ప్రచురించు సంస్థలు గనుక, కొన్ని కథలు వేఱొక భాషలో పుట్టి తెలుగునకు వచ్చినవి. కాన కొనుటకు ముందే ఒక పుట పైకి చదివి చూడవలె. దళసరి అట్టలు, గుండ్రని మూలలు, పుటకొక బొమ్మ, దాని క్రింద ఒకటి రెండు వాక్యములు చాలును.

మాటలు తక్కువైన పుస్తకమునకు మఱొక సుగుణము కలదు. పట్టు నేయు ఇంటిలోని అక్షరము రాని నాయనమ్మ కూడ దానిని చదువగలదు. కొడుకు ఆంగ్లపుస్తకమును తడుముకొనుచు చదువుచుండగా ఆమె వంటయింటికి లేచిపోవును. కోడి, పిల్లలు, గద్ద గల బొమ్మను ముందుంచినచో ఆమెకు ఎవరి సాయమును అక్కఱలేదు. గద్ద ఎట్లు వ్రాలెనో, కోడి రెక్కలెట్లు విప్పెనో తన నుడికారముననే చెప్పును. మనుమనికి దక్కవలసినది ఆ నుడికారమే. మఱునాడు ఆమె గద్ద మాట మఱచినచో వాడు ఊరుకొనడు. పుట వెనుకకు త్రిప్పి, గద్దపై వ్రేలు పెట్టి కూర్చుండును.