బీఏ పొలిటికల్ సైన్స్ చదివిన పిల్లలకు ముందున్న దారులు

ఉపకార వేతనాల దరఖాస్తులు సర్దేటప్పుడు ఇంజినీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ పిల్లలవి ఒక కట్టగా, మిగతావి ఇంకో కట్టగా కట్టడం మనలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రెండో కట్ట విప్పే సమయానికి డబ్బు అయిపోతుంది. ఈసారి ఆ రెండో కట్టలో మా బడిలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఫారం కనిపించింది. బీఏ పూర్తయింది, ముఖ్య సబ్జెక్టు రాజనీతి శాస్త్రం, తండ్రి ఆటో నడుపుతాడు. పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి ఫారం చూసి, "బీఏ పాలిటిక్సా? దీనికి ఉద్యోగం ఏముంటుంది మాస్టారూ?" అన్నారు. ఆయన ప్రశ్నలో చెడు ఉద్దేశం లేదు. నిజంగా తెలియక అడిగారు. ఆయనకు అప్పుడు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాము.

మన ఇళ్లలో ఈ శాస్త్రాన్ని సియాసియాత్ అంటారు. సియాసత్ అనే మాట చెవిన పడగానే జెండాలు, మైకులు, ఎన్నికలు గుర్తుకొస్తాయి. అందుకే పిల్లను ఈ చదువుకు పంపడానికి తల్లులు జంకుతారు. నిజానికి ఇందులో నేర్పేది రాజ్యాంగం, చట్టసభలు, కోర్టులు, పంచాయతీలు, దేశాల మధ్య సంబంధాలు. మనకు ఇది కొత్త చదువు కూడా కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు అక్కడ బోధన ఉర్దూలోనే సాగేది. ఆ విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి శాస్త్రాల ఆచార్యులుగా పనిచేసిన హరూన్ ఖాన్ షేర్వానీ గారిని ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. ఆ తరం తర్వాత ఈ చదువును మనమే ఎందుకో వెనక్కి నెట్టేశాము.

ఇక ఉద్యోగాల మాట. ఈ డిగ్రీ చేతికి రాగానే పిలిచి కొలువు ఇచ్చే కంపెనీ ఉండదు. ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. ఇది పోటీ పరీక్షలకూ పై చదువులకూ మెట్టు. ఆ మెట్టు ఎంత గట్టిదో ఒక ఉదాహరణ చూడండి. మన రాష్ట్రంలో గ్రూప్-2 మెయిన్స్ మొత్తం 300 మార్కులు. అందులో 75 మార్కులు భారత రాజ్యాంగానివే. అంటే నాలుగో వంతు పాఠం ఈ పిల్లలు మూడేళ్లు తరగతిలో చదివినదే. బీటెక్ చేసి వచ్చిన కుర్రవాడు లక్ష్మీకాంత్ 'ఇండియన్ పాలిటీ' పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. మన అమ్మాయికి తిరగేసుకుంటే చాలు. మిగతా మార్కుల కోసం చరిత్ర, ఆర్థికం, సైన్స్ అంశాలు ఎలాగూ కష్టపడి చదవవలసిందే.

సివిల్ సర్వీసెస్‌లోనూ ఇదే సంగతి. మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపరు దాదాపు అంతా రాజ్యాంగం, పాలన, అంతర్జాతీయ సంబంధాలే. ఐచ్ఛికంగా రాజనీతి శాస్త్రాన్నే తీసుకుంటే దానికి రెండు పేపర్లు, 500 మార్కులు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది కానీ మెయిన్స్ జవాబులు తెలుగులోనో ఉర్దూలోనో రాయవచ్చు. ఆడపిల్లలకు దరఖాస్తు రుసుము లేదు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో రెసిడెన్షియల్ కోచింగ్ అకాడమీ ఉంది. 2021 సివిల్స్‌లో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న శ్రుతి శర్మ అక్కడ తయారైనవారే. హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి అకాడమీ నడుస్తోంది. ప్రవేశానికి వాళ్లు పరీక్ష పెడతారు, దానికీ చదవాలి. అయితే ఒక్క మాట. సివిల్స్ ఒక్కటే పట్టుకుని ముప్పై ఏళ్లు దాటాక ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన పిల్లలను మేము చూశాము. ఎన్నేళ్లు ప్రయత్నించాలో మొదటి రోజే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి, పక్కన ఇంకో దారి పెట్టుకోవాలి.

ఆ ఇంకో దారుల్లో మాకు బాగా తెలిసినది మా వృత్తే. రెండేళ్ల బీఈడీ సోషల్ మెథడాలజీతో చేసి, టెట్ పాసైతే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డీఎస్సీ రాయవచ్చు. 2025 మెగా డీఎస్సీలో అన్ని రకాల ఉపాధ్యాయ పోస్టులూ కలిపి 16,347 ప్రకటించారు. డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. కాబట్టి టెట్ పాసయ్యాము కదా అని ఊరుకోకుండా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మంచిది. 2023 నుంచి మన డిగ్రీ కాలేజీల్లో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. టీచరు కావాలనుకునే పిల్లలు మైనర్‌గా చరిత్రో ఆర్థిక శాస్త్రమో తీసుకుంటే రేపు బడిలో పాఠం చెప్పడానికి పనికొస్తుంది. ఎంఏ చేస్తే జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్ పోస్టుకు అర్హత వస్తుంది. నెట్ రాస్తే డిగ్రీ కాలేజీ, విశ్వవిద్యాలయం దాకా దారి ఉంది.

పీహెచ్‌డీ విషయంలో దాతలు గమనించవలసిన మార్పు ఒకటి జరిగింది. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు కేంద్రం ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేశారు. ఇప్పుడు నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి. అది రాని పిల్ల చదువు అక్కడే ఆగే ప్రమాదం ఉంది.

న్యాయశాస్త్రం మరో మంచి దారి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు. జడ్జి కావాలనుకుంటే మాత్రం ఓపిక కావాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సీనియరు దగ్గర ఫైళ్లు మోస్తూ ఆ మూడేళ్లు గడపాలి. జీతం నామమాత్రం. ఆటో డ్రైవరు కూతురు ఆ మూడేళ్లు ఎలా గడపగలదు?

పత్రికా రంగం, స్వచ్ఛంద సంస్థలు, బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ, రైల్వే పరీక్షలు ఏ డిగ్రీవారికైనా ఉన్నవే కనుక వాటి గురించి ఎక్కువ చెప్పడం లేదు. ఎక్కువమందికి తెలియని అవకాశం ఒకటి చెబుతాము. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఢిల్లీలో ల్యాంప్ ఫెలోషిప్ నడుపుతోంది. ఎంపికైన యువతీయువకులు ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర ఉండి బిల్లులు, ప్రశ్నలు తయారుచేయడంలో సాయపడతారు. డిగ్రీ చాలు, వయసు 25 దాటకూడదు. మన పిల్లల్లో దీని పేరు విన్నవాళ్లు మాకు ఇంతవరకు తగల్లేదు.

కాగితాల సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. రాష్ట్ర ఉద్యోగాల్లో మనవారిలో కొన్ని వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకులవారు బీసీ-బీలో వస్తారు. బీసీ-ఈ పత్రం ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు, కేంద్ర జాబితా వేరు. అందులో తమ వర్గం పేరు లేనివారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులకు సరిపోతే ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవచ్చు. ఆధార్‌లో షేక్ అని, పదో తరగతి మెమోలో ఎస్.కె. అని, తండ్రి రేషన్ కార్డులో ఇంకోలా పేర్లు ఉండి, చివరి తేదీ రాత్రి నెట్ సెంటరులో ఏడ్చిన పిల్లలు మా దగ్గరికి ఏటా వస్తారు. బడిలో పేర్లు రాసుకునేటప్పుడే సరిచూడని తప్పులో మాకూ వాటా ఉంది.

ఆ అమ్మాయి ఫారానికి తిరిగి వస్తాము. డిగ్రీలో ఆమెకు పెద్దగా ఖర్చు కాలేదు, ప్రభుత్వ కాలేజీలో గడిచిపోయింది. డబ్బు అవసరమయ్యేది ఇప్పుడు, డిగ్రీకి, ఉద్యోగానికి మధ్య ఉన్న రెండు మూడేళ్లలో. బీఈడీ ఫీజు, టెట్ ఫీజు, పుస్తకాలు, పరీక్ష కేంద్రం వేరే ఊళ్లో పడితే తండ్రీ కూతుళ్ల బస్సు చార్జీలు, కోచింగుకు వెళితే హాస్టలు గది. మన ఉపకార వేతనం సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోతోంది, ఎందుకంటే ఫారంలో "చదువుతున్న కోర్సు, సంవత్సరం" అనే గడి ఉంది, పరీక్షలకు తయారవుతున్నవారికి అందులో రాయడానికి ఏమీ ఉండదు. ఆ గడి కింద ఇంకో వరస చేర్చమని కమిటీని అడిగాము. ఒప్పుకున్నారు. నెలకు కొంత చొప్పున రెండేళ్లు ఒక బిడ్డను చూసుకునే దాతలు ముందుకొస్తే ఈ ఏడాది నుంచే మొదలవుతుంది. ఆదివారం ఉదయాలు కార్యాలయంలో కూర్చుని పిల్లల పత్రాలు సరిచూడటానికి కంప్యూటరు తెలిసిన ఇద్దరు యువకులు కావాలి. దరఖాస్తులు నింపే పని మేము చూసుకుంటాము.