మడిలోని ఇనుమును మన ప్రయోగశాలలోనే చదవగలమా?

కురుపాం మండలంలో కొండవాలు నేలలపై జీడిమామిడి, రాగి పండుతాయి. గెడ్డల వెంబడి పల్లపు మడులలో వరి పండుతుంది. ఎర్ర నేలకు రంగునిచ్చే ఇనుమే ఇక్కడ భాస్వరం లభ్యతను కూడా చాలావరకు శాసిస్తుంది. ఆమ్ల నేలలో ఫెర్రిక్ ఆక్సైడులు భాస్వరాన్ని బంధిస్తాయి. మడిలో నీరు నిలిచినపుడు ఇనుము ఫెర్రస్ రూపానికి మారి, బంధింపబడిన భాస్వరంలో కొంత విడుదలవుతుంది. అయితే ఫెర్రస్ ఇనుము మితిమీరినచో వరి ఆకులు కంచు రంగుకు తిరిగి దిగుబడి తగ్గుతుంది.

సాధారణ భూసార పరీక్ష పోషకం ఎంత ఉన్నదో చెప్పును గాని, ఏ రూపంలో ఉన్నదో చెప్పదు. ఆ పని ఎక్స్‌రే శోషణ వర్ణపటశాస్త్రం చేయగలదు. లోహరూప ఇనుము శోషణ అంచు 7,112 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఉంటుంది; ఆక్సీకరణ స్థితి పెరిగిన కొలది ఆ అంచు కొన్ని వోల్టులు పైకి జరుగుతుంది.

ఈ పరీక్షకు సాధారణంగా సింక్రోట్రాన్ అవసరం. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 ఆ సౌకర్యం కల్పిస్తున్నది. కాని తడి మట్టికి గాలి సోకినచో ఫెర్రస్ ఇనుము త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. వంతు కోసం వేచి, దూరప్రయాణం చేసిన నమూనా మడిలోని స్థితినే చూపుతుందన్న భరోసా లేదు.

ప్రయోగశాల ఎక్స్‌రే గొట్టం కాంతి బలహీనమైనది. స్ఫటికంతో ఒక్కొక్క శక్తిని వేరుచేయగా మిగిలే ఫోటాన్లు స్వల్పం. అతిశీతల శోధకానికి ఆ వడపోత అక్కరలేదు. సుమారు 0.1 కెల్విన్ వద్ద ఉంచిన అతివాహక పొర, తనపై పడిన ప్రతి ఫోటాన్ కలిగించే వేడిని నిరోధంలోని మార్పుగా చూపుతుంది. సిలికాన్ శోధకం 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద సుమారు 130 వోల్టుల తేడాను గుర్తించగా, ఇది కొన్ని వోల్టుల తేడానే పట్టగలదు. అమెరికాలోని నిస్ట్, స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో ఒక ఇనుము సమ్మేళనంపై, బల్లపై ఇమిడే ఎక్స్‌రే మూలంతో ఈ పద్ధతిని నిరూపించారు.

పరిమితులు లేకపోలేదు. ఒక్కొక్క శోధకం సెకనుకు లెక్కించగల ఫోటాన్లు తక్కువ గనుక వందలాది శోధకాలను కూర్చవలసి ఉంటుంది. శీతలీకరణ యంత్రం ఇప్పుడు విద్యుత్తుతోనే నడిచినా, దాని ఖరీదు అధికం. మట్టిలో సమృద్ధిగా ఉండే ఇనుముకు ఇది ముందుగా సాధ్యపడవచ్చును. స్వల్పంగా ఉండే జింకు, గాలిలోనే శోషింపబడే భాస్వరం కిరణాలు కఠినతరం.

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేయగలిగినది ఒకటున్నది: మడి వద్దనే ఉదజని సూచిక, రెడాక్స్ పొటెన్షియల్ కొలిచి, నమూనాను గాలి చొరకుండా మూసి, చల్లగా భద్రపరచడం. నమూనా చెడినచో ఎంతటి శోధకమైనను మడి స్థితిని చెప్పజాలదు.