చిన్న యంత్రానికి పెద్ద తలపాగా

పిల్లలూ! అరచేతిలో ఇమిడే కంప్యూటరును మీలో కొందరు చూసే ఉంటారు. దానికి పెట్టె లేదు, తెర లేదు. ఒక ఆకుపచ్చ పలక, దాని మీద నల్లని చిప్పులు, అంతే! ఇంట్లో ఉన్న టీవీకి తగిలించి, కీబోర్డూ మౌసూ గుచ్చితే చాలు, నిజమైన కంప్యూటరు అయి కూర్చుంటుంది. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ ఒక సంగతి గమనించారు. కంప్యూటరు శాస్త్రం చదవటానికి వచ్చే విద్యార్థులు ఏటేటా తగ్గిపోతున్నారు. వచ్చినవారికైనా సొంతంగా ప్రోగ్రాములు రాసిన అలవాటు తక్కువ. పాడైపోతుందేమోనన్న భయం లేకుండా పిల్లలు వాడుకునే చౌక యంత్రం ఒకటి కావాలని వారికి తోచింది. అది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. ధర 35 డాలర్లు, జ్ఞాపకం 256 మెగాబైట్లు.

మా అన్నయ్య కొడుకు దగ్గర ఉన్నది 2016లో వచ్చిన మూడో రకం. దీనికి 1 గిగాబైటు జ్ఞాపకం ఉన్నది. వాడు బడిలో సైన్సు ప్రదర్శన కోసం, కుండీలో మట్టి ఎండితే దీపం వెలిగే ఏర్పాటు ఒకటి చేస్తున్నాడు. ప్రదర్శన ఇంక నాలుగు రోజులుందనగా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“బాబాయ్! నా కంప్యూటరుకు జబ్బు చేసింది. మౌసు నొక్కితే పలకటానికి అర నిమిషం పడుతోంది. నాన్నేమో కొత్తది కొనేది లేదంటున్నాడు!”

వెళ్ళి చూశాను. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. స్నేహితుడి లాప్‌టాప్‌లో కిటికీలు తేలుతూ, నీడలు పరుస్తూ తెరుచుకోవటం చూసి, వీడు కూడా అదే డెస్క్‌టాప్ తెచ్చి పెట్టుకున్నాడు. దాని పేరు గ్నోమ్. మంచిదే, కాని పెద్ద యంత్రాలకు తగినది.

డెస్క్‌టాప్ అంటే తెర మీది బొమ్మ ఒక్కటే అనుకునేరు! అది పనివాళ్ళ జట్టు. కిటికీలకు చట్రాలు గీసేవాడొకడు, కింది పట్టీని చూసుకునేవాడొకడు, ఫైళ్ళు వరసగా చూపేవాడొకడు. లైనక్సులో ఉన్న వింత ఏమంటే, ఈ జట్టును పంపేసి మరొక జట్టును పెట్టుకోవచ్చు. మీరు రాసుకున్న ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఈ పనివాళ్ళందరూ కూర్చునేది మాత్రం మీ బల్ల మీదే. జ్ఞాపకం అంటే ఆ బల్ల. బల్ల నిండిపోతే కంప్యూటరు కొన్ని కాగితాలను తీసి మెమరీ కార్డు అనే పెట్టెలో దాస్తుంది, కావలిసినప్పుడు మళ్ళీ తీస్తుంది. కార్డు నిదానం గనక, దాయటానికీ తీయటానికే పొద్దు పోతుంది. మా వాడు “జబ్బు” అన్నది దీన్నే.

“ఫ్రీ” అనే ఆజ్ఞ టైపు చేయించాను. వాడు ఇంకా ఏమీ తెరవకముందే సగం బల్లకు పైగా నిండిపోయి ఉన్నది! వాడి మొహం చిన్నబోయింది.

ముందు వాడి ప్రోగ్రామును వేరే చోట దాచి, ఆ తరవాత జట్లను మార్చి చూశాం. 1996లో పుట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈ మధ్యరకంది, పొందికైనది. పాత, బలం తక్కువ యంత్రాల కోసమే 2006లో మొదలైన ఎల్‌ఎక్స్‌డీఈ ఇంకా తేలిక. రాస్ప్‌బెర్రీ పై వారు తమ సొంత డెస్క్‌టాప్‌ను 2016లో దాని మీదే కట్టారు. వారికీ ఈ తంటా తప్పలేదు సుమండీ! 2023లో కిటికీలు నడిపే పనిని వేఫైర్‌కు అప్పగించి, మరుసటి ఏడే దానికన్నా తేలికైన ల్యాబ్‌డబ్ల్యుసీకి మార్చారు.

మా వాడు పై వారి డెస్క్‌టాప్‌నే ఎంచుకున్నాడు. మౌసు నొక్కగానే మెనూ తెరుచుకుంది. ఆ ఉత్సాహంలో బ్రౌజరు తెరిచి ఏడెనిమిది పేజీలు పరిచాడు. యంత్రం మళ్ళీ మొరాయించింది! నన్నడిగితే అన్నిటికన్నా తిండిపోతు బ్రౌజరే. అది ఏ జట్టుతోనైనా అంతే తింటుంది.

“మరి నా నెమలి బొమ్మ కూడా తీసేయాలా, బాబాయ్?” అన్నాడు దిగులుగా.

తెర వెనక బొమ్మకు, టీవీ తెరంత పెద్దదైనా, సుమారు 8 మెగాబైట్లు చాలు. నెమలిని ఉండనిచ్చాం.

ప్రదర్శన ముందురోజు రాత్రి వాడికే ఒక ఆలోచన వచ్చింది. కుండీ పక్కన పెట్టే యంత్రానికి టీవీ ఎలాగూ ఉండదు. చూసేవాళ్ళు లేని తెర మీద కిటికీలు గీయటం దేనికి? డెస్క్‌టాప్ లేకుండానే లేచి, తిన్నగా ప్రోగ్రాము మొదలుపెట్టేటట్టు అమర్చాడు. మర్నాడు మట్టి ఎండిన ప్రతిసారీ దీపం ఠక్కున వెలిగింది. సాయంత్రం ఇంటికి రాగానే యంత్రాన్ని టీవీకి తగిలించి, నెమలిని తిరిగి తెచ్చుకున్నాడు.