కీర్తన పాడిన గొంతే సినిమా పాటా పాడుతుంది



డిసెంబర్ నెల వస్తోందంటే మన గోదావరిఖనిలో సందడే వేరు కదా! 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. ఏటా ఆ రోజున ఉత్సవాలు, పాటల కార్యక్రమాలు. శాస్త్రీయ సంగీతం నేర్చిన వాళ్లెవరైనా వేదిక ఎక్కితే కీర్తనతో ఊరుకోం. లలితగీతం, సినిమా పాట, జానపదం అన్నీ కావాలంటాం.

మొన్న మా పక్క క్వార్టర్ వదినె వచ్చి, "పాపకు సంగీతం మాన్పిస్తా. ఆరు నెలల నుంచి సరిగమలే. ఒక్క సినిమా పాటైనా రాలేదు, ఫీజు దండగ" అంది. పాప గుమ్మం దగ్గరే తల వంచుకుని నిలబడింది. నా ప్రాణం ఉసూరుమంది.

సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు పాటలు కావండీ, గొంతుకు కసరత్తు. శ్రుతి తప్పకుండా నిలవడం, తాళం విడవకుండా నడవడం, ఊపిరి ఎక్కడ తీయాలో తెలియడం వీటితోనే అబ్బుతుంది. ఆ తర్వాత పాట ఏదైనా పాడే తీరు మార్చుకుంటే చాలు.

ఆ తీరులో తేడా ఏమిటంటారా? కచేరీలో మొదట వర్ణం, ఆపైన కీర్తనలు. రాగాలాపనలో, స్వరకల్పనలో గాయకులు అప్పటికప్పుడు అల్లుతారు. మృదంగం వారికి తని ఆవర్తనం ఉంటుంది. చివర్లో జావళి, తిల్లానా వంటివి పాడి మంగళంతో ముగిస్తారు. లలిత సంగీతంలో గమకాలు తగ్గి మాట ముందుకొస్తుంది. సినిమా పాటలో నిడివి, వాయిద్యాలు ముందే నిర్ణయం. అందులోనే భావం పలకాలి. జానపదంలో గొంతు విప్పి పాడాలి, పక్కవాళ్లు వంత కలపాలి. మన బతుకమ్మ పాట అలాంటిదే కదా!

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారినే చూడండి. 1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికం. ఎనిమిదేళ్ల వయసులోనే కచేరీ చేశారు. రామదాసు కీర్తనలు, తత్వాలు రేడియోలో ఇంటింటికీ వినిపించారు. 1967లో "భక్త ప్రహ్లాద"లో నారదుడుగా నటించారు, పాడారు. కన్నడ చిత్రం "హంసగీతె"లో పాటకు జాతీయ బహుమతి అందుకున్నారు. భీమ్‌సేన్ జోషిగారితో జుగల్‌బందీలు చేశారు. 2016లో కన్నుమూసేదాకా ఆయన్ను కర్ణాటక విద్వాంసుడనే అన్నాం. సినిమా పాట పాడినందుకు ఆ విద్వత్తు తరిగిందా?

అలాగే విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాలగారు, సుశీలగారు మన సినిమా పాటకే వెలుగయ్యారు.

కాబట్టి "మనకేం అర్థమవుతుంది" అని ఇంట్లో కూర్చోకండి. రాగం పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మొదటి షిఫ్టు వాళ్లకు పెందరాళే వండిపెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. కీర్తన తర్వాత సినిమా పాట వచ్చినప్పుడు, గొంతులో ఏది మారింది, ఏది మారలేదు అని గమనించండి. అంతే, అదే వినికిడి.

మా వదినెకూ ఇదే చెప్పాను: "పాపను ఒక్క కచేరీకి తీసుకెళ్లు. ఇంటికొచ్చాక దాన్నే అడుగు. అప్పుడు మాన్పించాలనిపిస్తే మాన్పించు" అని. "చూద్దాంలే" అంది. పాప మాత్రం ఆ రోజు ఎప్పుడని నన్నే అడుగుతోంది.